కోనసీమ వరిమట్టిలో కరగని హ్యూమిన్: నిర్మాణం ఎలా తేల్చాలి?

అమలాపురం దగ్గరి వరిచేల ఒండ్రుమట్టి మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నానండి. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో, పైకి తేరిన ద్రవం రంగు పోయేదాకా కడిగాను. మట్టి సేంద్రియ పదార్థంలో క్షారానికి కరిగే భాగాలు, అంటే హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలు వచ్చేశాయి. సెంట్రిఫ్యూజ్ గొట్టం అడుగున మాత్రం నల్లటి ముద్ద అలాగే అంటుకుని ఉంది. క్షారానికి కరగని ఈ భాగమే హ్యూమిన్.

దాన్ని ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కాంతితో రసాయన బంధాలు గుర్తించే పరికరం) పెడితే 2920, 2850 సెం.మీ⁻¹ దగ్గర చక్కటి పీకులు వచ్చాయి. అంటే మైనం, కొవ్వుల్లో ఉండే పొడవాటి సీహెచ్2 గొలుసులు. కానీ 1030 దగ్గర బంకమట్టి సిలికేటు పీకు అంతా మింగేసింది. పాలిశాకరైడ్లు (చక్కెర అణువుల గొలుసులు) ఉన్నా కనిపించేది అక్కడే, ఏం చేస్తాం!

ఘనస్థితి కార్బన్-13 ఎన్ఎంఆర్‌కి (కార్బన్ పరమాణువులు ఏ రకం బంధాల్లో ఉన్నాయో చూపే పరీక్ష) పంపేముందు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో బంకమట్టినీ ఇనుమునీ తగ్గించమంటున్నారు. ఆ కడుగుడులో కొంత సేంద్రియ పదార్థం కూడా పోతుందనే నా టెన్షన్. పైగా మా ల్యాబులో ఆ ఆమ్లం పేరెత్తితేనే హడలు.

దాని బదులు డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే ద్రావణిలో కాస్త గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి హ్యూమిన్‌ని లాగితే, నీళ్లు నిలిచే డెల్టా మట్టికి పనిచేస్తుందా? హ్యూమిన్‌ని ఒకే పెద్ద అణువుగా గీసే బొమ్మలు నేనైతే నమ్మను. మొక్కల, సూక్ష్మజీవుల శిథిలాలు బంకమట్టికి పట్టుకున్న మిశ్రమమనే అనుకుంటున్నా. లిగ్నిన్ (మొక్కల కాండానికి గట్టిదనం ఇచ్చే పదార్థం) వాటా విడిగా తేల్చే దారి తెలిసినవాళ్లు చెప్పండి.