కాంట్రాఫిబ్యులారిటీస్‌కి తెలుగులో ఏ దొంగమాట పెడదాం?

అడిగినవారు:

అందరికీ నమస్కారం. బ్లాక్‌ఆడర్ మూడో సిరీస్‌లో ఇంగ్లీషు నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్ వచ్చే ఎపిసోడ్ మీలో కొందరైనా చూసి ఉంటారు. 1987లో బీబీసీలో వచ్చిన కామెడీ అది. మా అత్తగారు తెలుగు పండితురాలిగా రిటైరయ్యి ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో మాతోనే ఉంటున్నారు. ఆవిడ పక్కన కూర్చుని ఎపిసోడంతా తెలుగులో చెప్పాను. కథ బాగానే నడిచింది గానీ, బట్లర్ వచ్చి నిఘంటుకర్తకు "కాంట్రాఫిబ్యులారిటీస్" అని లేని ఇంగ్లీషు మాట చెప్పే చోట ఇరుక్కుపోయాను. ఏదో ఒకటి అనాలి కదా అని "ప్రత్యభినందనలు" అన్నాను. "అది ఉన్న మాటేనమ్మా, ఇందులో నవ్వడానికేముంది?" అన్నారు. న్యాయమే. లేని మాటకి ఏ లేని మాట పెట్టాలంటారు?

జవాబు:

మంచి ప్రశ్న. చూడనివాళ్ల కోసం ముందు సందర్భం చెప్పేస్తాను, అది తెలియకపోతే మాట పట్టుబడదు.

కథాకాలం ఇంగ్లండులో రీజెన్సీ రోజులు. మూడో జార్జికి మతి చలిస్తే 1811 నుంచి 1820 దాకా పెద్దకొడుకు జార్జి రాజప్రతినిధిగా ఉన్నాడు. ఆ యువరాజుగా హ్యూ లారీ, అతని బట్లర్ బ్లాక్‌ఆడర్‌గా రోవన్ ఆట్కిన్సన్. యువరాజుకి బుర్ర లేదు, బట్లర్‌కి బుర్ర తప్ప ఏమీ లేదు. తనను మేధావి అనుకోవాలని యువరాజుకి కోరిక పుడుతుంది. శామ్యూల్ జాన్సన్ నిఘంటువు పూర్తిచేసి, పోషకుడిగా ఉండమని అడగడానికి వస్తాడు.

ఇక్కడే రచయితలు కాలాన్ని హాయిగా చింపేశారు. అసలు జాన్సన్ నిఘంటువు అచ్చయింది 1755లో. అప్పటికి ఈ యువరాజు పుట్టనే లేదు, పుట్టింది 1762లో. రీజెన్సీ మొదలయ్యేసరికి జాన్సన్ పోయి పాతికేళ్లు దాటింది. అయినా ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు, ఎందుకంటే మాటలన్నీ తెలిసినవాడి ఎదురుగా నిఘంటువు ఎందుకో కూడా తెలియనివాడు కూర్చుంటేనే మజా. ఇంగ్లీషు మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం అని తెలిసి యువరాజు తెల్లబోతాడు. తాను ఇంగ్లీషే మాట్లాడతాడు కాబట్టి ఆ అర్థాలన్నీ తనకు వచ్చునట, వాటిని పుస్తకంలో రాసుకోవాల్సి వచ్చిన జాన్సనే మొద్దయి ఉండాలట!

రాజకుటుంబాన్ని ఎగతాళి చేసిన టీవీ కామెడీలు బ్రిటన్‌లో ఇంకా ఉన్నాయి. స్పిటింగ్ ఇమేజ్ 1984 నుంచి రబ్బరు బొమ్మలతో చేసింది, ద విండ్సర్స్ 2016 నుంచి సీరియల్ ఫక్కీలో చేసింది. అవి బతికున్నవాళ్ల మీద. బ్లాక్‌ఆడర్ పోయినవాళ్లను పట్టుకుంది, కానీ నాకు దీని దెబ్బే గట్టిదనిపిస్తుంది. ఫలానా రాజు తెలివితక్కువవాడనడం ఒకటి. తెలివైనవాడు పదేళ్లు కష్టపడి రాసిన పుస్తకం తెలివితక్కువవాడి సంతకం కోసం వాకిట్లో నిలబడాలనడం వేరు.

ఇది కల్పన కూడా కాదు. అసలు జాన్సన్ లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ గుమ్మంలో పడిగాపులు పడ్డాడు. అప్పుడు పట్టించుకోని ఆ దొర, పుస్తకం బయటికొచ్చే వేళకు మెచ్చుకుంటూ వ్యాసాలు రాశాడు. జాన్సన్ 1755 ఫిబ్రవరిలో అతనికి రాసిన ఉత్తరం ఇప్పటికీ చదువుతారు. నిఘంటువులో పోషకుడు అనే మాటకి ఇచ్చిన అర్థంలో, సాధారణంగా అహంకారంతో ఆదుకుని పొగడ్తలతో జీతం పుచ్చుకునే నీచుడు అని చురక పెట్టాడు. పెన్షన్‌కి ఇచ్చిన అర్థం ఇంకా ఘాటు: ఇంగ్లండులో ఆ మాటకి దేశద్రోహం చేసినందుకు సర్కారు కూలివాడికి ఇచ్చే జీతమని అర్థమట. ఏడేళ్లు తిరిగాక మూడో జార్జి ఏడాదికి 300 పౌండ్ల పెన్షన్ ఇచ్చాడు, జాన్సన్ పుచ్చుకున్నాడు. ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా, సొంత అర్థాన్నే ఆయన మొహాన కొట్టారు.

మనకీ రాజుగారి పేరున్న నిఘంటువు ఉంది కదా, సూర్యరాయాంధ్ర నిఘంటువు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ గారు డబ్బు పెట్టించి చేయించారు, మొదటి సంపుటం 1936లో వచ్చింది. ఆయన్ని ఈ యువరాజుతో పోల్చడం మహా పాపం, పుస్తకం విలువ తెలిసిన మనిషి. దీని సంగతి మళ్లీ వస్తుంది, అందుకని ఇక్కడే గుర్తుచేశాను.

ఇక మాట దగ్గరికి. తన నిఘంటువులో ఇంగ్లీషు మాటలన్నీ ఉన్నాయంటాడు జాన్సన్. ఒక్కటీ వదల్లేదా అని బట్లర్ అడుగుతాడు. ఒక్కటీ వదల్లేదు. అయితే నా హృదయపూర్వక కాంట్రాఫిబ్యులారిటీస్ అందుకోండి అంటాడు. కాంట్రా అంటే ఎదురు, ఫిబ్యులా అంటే మోకాలి కింద ఉండే సన్నటి ఎముక. కలిపితే అర్థం సున్నా. కానీ నడక మాత్రం అచ్చం కంగ్రాచ్యులేషన్స్‌దే. జాన్సన్ మొహం మాడిపోతుంది, గబగబా రాసుకోవడం మొదలుపెడతాడు.

దీన్ని సంస్కృతంలోకి దించితే చచ్చిపోతుంది. "ప్రతిజంఘికాభినందనలు" అన్నాననుకోండి. మీ అత్తగారు కంగారుపడరు. జంఘ అంటే పిక్క, ప్రతి ఉపసర్గ, ఇది ఫలానా సమాసం అని విగ్రహవాక్యం చెప్పేస్తారు. మన పండితుడి గర్వం మాటల జాబితాలో లేదు, వ్యుత్పత్తిలో ఉంది. ఎంత వింత సమాసం విసిరినా విడదీసి చేతిలో పెడతాడు. కాబట్టి సంస్కృతం మాటతో ఆయన్ని ఓడించలేం.

మరి ఎక్కడ ఓడిపోతాడు? బట్లర్ తర్వాతి ముక్కలో ఉంది జవాబు. అదేంటి ఆ మాట అని జాన్సన్ అడిగితే, మా వైపు మామూలు మాటేనండీ అంటాడు. అసలు దెబ్బ ఇదీ, ఎముక కాదు. ఏ పుస్తకంలోనూ లేదు, కానీ ఎక్కడో జనం రోజూ అంటున్నారట. లేదని ఎలా అనగలడు? సూర్యరాయాంధ్ర నిఘంటువు గ్రంథాల్లో దొరికిన మాటలకే పెద్దపీట వేసి, వాడుకలో ఉన్నవాటిని గ్రామ్యమని బయటే నిలబెట్టింది. ఆనాడు గిడుగు రామమూర్తిగారి వర్గం పోట్లాడింది ఇలాంటి మాటల కోసమే. మాండలిక వృత్తి పదకోశాలు భద్రిరాజు కృష్ణమూర్తిగారి చేతుల మీదుగా 1962లో వ్యవసాయంతో మొదలయ్యాయి. తెలుగు నిఘంటుకర్తకి గుండెల్లో గుబులు పుట్టించాలంటే సమాసం చాలదు, దేశ్యం కావాలి.

నేను పెట్టేది ఇది: "మీకు నా మనఃపూర్వక నెచ్చుకోళ్లు."

మెచ్చుకోలు ఉంది, వేడుకోలు ఉంది, వీడుకోలు ఉంది. నెచ్చెలి ఉంది. నెచ్చుకోలు లేదు, కానీ ఉన్నట్టే వినిపిస్తుంది. వినగానే అభినందనేనని తెలుస్తుంది, పుస్తకంలో వెతికితే దొరకదు. పండితుడు ఒక్క క్షణం ఆగి, "ఏ వైపు మాట అది?" అని అడుగుతాడు. అడిగాడంటే ఓడిపోయినట్టే.

అడిగినవారు:

నెచ్చుకోళ్లు అద్భుతం! మరి తర్వాతి వాక్యం? అనాస్పెప్టిక్, ఫ్రాస్మోటిక్, పెరికాంబాబ్యులేషన్ అంటూ వరసగా నాలుగు వదులుతాడు.

జవాబు:

నాలుగూ దొంగవి కావు, చూడండి. మధ్యలో కంపంక్చువస్ ఉంది. అది దాదాపు నిజమైన మాట. పశ్చాత్తాపపడే అనే అర్థంలో షేక్స్‌పియర్ మాక్బెత్‌లో దానికి అన్నలాంటి మాట వాడాడు. మూడు నకిలీల మధ్య ఒక అరుదైన అసలు పెట్టి జాన్సన్‌ని పూర్తిగా గల్లంతు చేశారు. తెలుగులోనూ ఆ పద్ధతి వదలకూడదు. నా ప్రయత్నం:

"తమరికింత గుజిబెళ్లాట పెట్టినందుకు లోలోపల ఉమ్మసిలుతున్నానండీ, జెంకరిస్తున్నాను, కుందుతున్నాను."

కుందు పాత దేశ్యం. దుఃఖించడం అని అర్థం, నిఘంటువుల్లో ఉంది. మిగతావి ఇప్పుడే పుట్టాయి. వింటున్నవాడికి ఏది ఏదో తేలదు.

మరో సభ్యుడు:

సంస్కృతంతో నవ్వించలేమంటే ఒప్పుకోను. మాయాబజార్‌లో పింగళి నాగేంద్రరావుగారు ఏం చేశారు? అస్మదీయులు అసమదీయులయ్యారు, దానికి జోడీగా తసమదీయులు పుట్టారు. సంస్కృతం వాసనతోనే నవ్వించారు కదా. 1957లో పుట్టిన తసమదీయుడు ఇవాళ పేపర్ హెడ్డింగుల్లో తిరుగుతున్నాడు.

జవాబు:

తిరుగుతున్నాడు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ నవ్వు ఎవరి మీద? నోరు తిరగని రాక్షస శిష్యుల మీద. మాట చెడింది, చెడగొట్టినవాడు అమాయకుడు. ఇక్కడ మాట పుట్టించినవాడు గడుసువాడు, బోల్తాపడ్డవాడు పండితుడు. దిశ తిరగబడింది. శిష్యుడి నోట్లో సంస్కృతం నలిగితే నవ్వొస్తుంది, పండితుడి చేతికి సంస్కృతం అందిస్తే వ్యాఖ్యానం వస్తుంది.

ఒక సభ్యురాలు, కరీంనగర్:

నాకు ఇంకో అభ్యంతరం ఉంది. మా వైపు మాట అని పెట్టి నవ్విస్తామంటున్నారు. ఏ వైపు? మన సినిమాల్లో ఏళ్లతరబడి జరిగిందిదే. హీరోకి ఒక భాష, కమెడియన్‌కీ రౌడీకీ మా భాషో, శ్రీకాకుళం భాషో, సీమ భాషో. మీ నెచ్చుకోళ్లు విని జనం మళ్లీ యాస మీద నవ్వితే?

జవాబు:

ఈ అభ్యంతరం నేనూ ఆలోచించాల్సింది. రెండు జాగ్రత్తలు పెట్టుకోవచ్చు. ఒకటి, బట్లర్‌కి ఏ యాసా పెట్టొద్దు. ఆ గదిలో అందరికన్నా శుభ్రమైన భాష అతనిదే ఉండాలి, ఆట్కిన్సన్ ప్రతి అక్షరాన్నీ కత్తితో కోసినట్టు పలుకుతాడు. "మా వైపు" అన్న మాట అతని నోట అబద్ధం, ఆ వైపే లేదు. రెండోది, ఊరి పేరు చెప్పకూడదు. చెప్పామా, ఆ ఊరివాళ్లని అడిగి తేల్చుకోవచ్చు, పండితుడు బతికిపోతాడు.

అదే సభ్యురాలు:

ఊరు చెప్పకపోతే సరే. యాస పెడితే మాత్రం నేనొప్పుకోను.

అడిగినవారు:

ఒక్క సందేహం మిగిలింది, చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. వీళ్ల మాటలు విని యువరాజు ఇదేదో పరాయివాళ్ల భాషలా ఉందే అంటాడు. అయితే అక్కడ వాడింది స్పెయిన్, ఇటలీ వాళ్లని కించపరిచే మాట. మనకి నోట్లో వెంటనే వచ్చేది "అరవ గోలలా ఉంది" అనే. అది పెట్టొచ్చా? తీసేసి "ఏంటో అర్థం కావట్లేదు" అనేస్తే చప్పగా ఉంది.

మరో సభ్యుడు:

తీసేయండి. అది మనలో అందరూ అలవాటుగా అనేసే మాట. తెరమీద వింటే అదో జోకనుకుని మళ్లీ అంటారు.

జవాబు:

నేను ఉంచుతాను. హనోవర్ వంశం జర్మనీ నుంచి వచ్చింది, ఆ వంశంలో ఇంగ్లండు గద్దెనెక్కిన మొదటి జార్జికి ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆ ఇంటి పిల్లవాడు నాలుగు తరాల తర్వాత పరాయి భాషల్ని వెక్కిరిస్తున్నాడు, పైగా అసలు మాటకీ దొంగమాటకీ తేడా తెలియకుండా. నిజం చెప్పాలంటే తర్వాత నాలుగో జార్జి అయిన అసలు యువరాజు ఇంత మొద్దు కాదు. బొమ్మలూ భవనాలూ తెలిసిన మనిషి, తండ్రి పోగుచేసిన గ్రంథాలయాన్ని 1823లో జాతికిచ్చాడు. జేమ్స్ గిల్రే లాంటి కార్టూనిస్టులు వెక్కిరించింది అతని తిండినీ అప్పుల్నీ. ఆ బండ మనిషి వేషం సన్నటి హ్యూ లారీకి ఇచ్చి, తిండి జోకులన్నీ తెలివి మీదకి మళ్లించారు. కాబట్టి యువరాజు ఎంత తెలివితక్కువగా మాట్లాడితే అంత మంచిది. మాట అతని నోట్లోనే ఉండాలి. బట్లర్ గానీ జాన్సన్ గానీ దానికి నవ్వకూడదు.

ఒక సభ్యుడు, చెన్నై:

నేను పుట్టి పెరిగింది మాంబళంలో. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. "అరవ గోల" మా చుట్టాలు విజయవాడ నుంచి వచ్చినప్పుడల్లా వింటూనే ఉంటాను. ఉంచండి, కానీ ఒక మార్పు చేయండి. యువరాజు "అరవ గోల" అన్నాక బట్లర్ తల వంచి, "కాదు ప్రభూ, తెలుగే" అనాలి. ఇంగ్లీషులో ఆ ముక్క లేదు, తెలుసు. తెలుగులో ఉంటే బావుంటుంది.

అడిగినవారు:

లేని మాట కలపొచ్చా అండీ?

చెన్నై సభ్యుడు:

ఈ ఎపిసోడ్‌కి కాకపోతే దేనికి కలుపుతారు? మీ అత్తగారిని అడిగి చెప్పండి.

అడిగినవారు:

అడిగాను. "తెలుగే" దగ్గర నవ్వారు. నెచ్చుకోళ్ల దగ్గర నవ్వలేదు. "అది మా అమ్మమ్మ అనేదే" అంటున్నారు.