రివ్యూ సైట్‌లో డబ్బు కట్టి ప్రకటన ఇవ్వడం చిన్న వ్యాపారానికి గిట్టుబాటవుతుందా?

ప్రశ్న (మరమ్మతు సేవలు)

నమస్కారం. ఇళ్లకు వెళ్లి వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు బాగుచేసే చిన్న సంస్థ నడుపుతున్నాను. ఒక రివ్యూ సైట్‌లో మా వివరాలు ఉచితంగానే నమోదై ఉన్నాయి. రేటింగ్ బాగానే ఉంది గానీ రివ్యూలు తక్కువ. ఆ సైట్ ప్రతినిధి ఏడాది ప్యాకేజీ తీసుకోమంటున్నారు. డబ్బు కడితే వెతికినప్పుడు మా పేరు పైన కనిపిస్తుందని, మా పేజీలో పోటీదారుల ప్రకటనలు రాకుండా చూస్తారని, ఏడాదికి ఒకేసారి ఒప్పుకుంటే ధర తగ్గుతుందని చెబుతున్నారు. నెలకు ఎంతమంది చూస్తారో అంకె చూపించారు గానీ, వారిలో ఫోన్ చేసేదెందరు, పని ఇచ్చేదెందరు అని అడిగితే సూటిగా జవాబు రాలేదు. మాకు వచ్చే పనిలో అధిక భాగం పాత ఖాతాదారుల మాట మీద వచ్చేదే. కట్టకపోతే మంచి రివ్యూలు దాచేస్తారని తోటి వ్యాపారులు కొందరు భయపెడుతున్నారు. ఏయే విషయాలు చూసుకుని నిర్ణయం తీసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (ఖాతాల పని)

ఎంతమంది చూస్తారన్న అంకెను పక్కన పెట్టి, ఒక్క కొత్త పని మీ చేతికి రావడానికి ప్రకటన ఖర్చు ఎంతవుతుందో ముందు లెక్క వేయండి. ఉదాహరణకు, వంద క్లిక్కులకు ఎనిమిది ఫోన్లు వచ్చి వాటిలో రెండు పనులు కుదిరితే, ఒక్కో పనికి మీరు యాభై క్లిక్కుల ధర చెల్లించినట్టు. దాన్ని మీరు వేసే బిల్లుతో పోల్చకూడదు. విడిభాగాల ఖర్చు, పనివారి కూలి, రానుపోను ఖర్చులు తీసేశాక మిగిలే మొత్తంతో పోల్చాలి. చాలామంది బిల్లు మొత్తాన్ని చూసి లాభం వచ్చిందనుకుంటారు. ఏడాది చివర పద్దులు రాసేటప్పుడు గానీ అసలు సంగతి బయటపడదు.

ఈ విషయంలో ఊహాగానాలే కాక గట్టి ప్రయోగం ఒకటి ఉంది. వేయ్‌జియా డై, హ్యుంజిన్ కిమ్, మైఖేల్ లూకా అనే పరిశోధకులు అమెరికాలోని రివ్యూ సైట్ యెల్ప్‌లో సుమారు 18,000 రెస్టారెంట్లను తీసుకుని, వాటిలో 7,000కు పైగా రెస్టారెంట్లకు యాదృచ్ఛికంగా మూడు నెలల పాటు ప్రకటనలు ఇచ్చి చూశారు. ప్రకటన ఉన్న రెస్టారెంట్ల పేజీలను చూసినవారు సగటున 25 శాతం పెరిగారు. దారి వివరాలు అడిగినవారు 18 శాతం, వారి వెబ్‌సైట్‌కు వెళ్లినవారు 9 శాతం, ఫోన్ చేసినవారు 13 శాతం పెరిగారు. చూపుల నుంచి ఫోన్ దాకా వచ్చేసరికి ఫలితం ఎలా పలచబడిందో గమనించండి. గడువు ముగియగానే ఆ ఫలితమంతా సున్నాకు పడిపోయిందని కూడా వారు తేల్చారు. అంటే ప్రకటన పని చేస్తుంది గానీ, కడుతున్నంత కాలమే పని చేస్తుంది. మీరు కొనేది శాశ్వతమైన పేరు కాదు, ఆ నెలకు సరిపడే ఫోన్లు.

మరొక్క మాట. మీ పనివారికి ఇప్పటికే చేతి నిండా పని ఉంటే అదనపు ఫోన్లు మేలు కన్నా కీడే చేస్తాయి. రేపు మాపు అని తిప్పించుకున్న ఖాతాదారు రాసే రివ్యూ, ప్రకటన ఆపేసిన తర్వాత కూడా మీ పేజీలోనే ఉంటుంది.

సమాధానం (దంతవైద్యశాల నిర్వాహకురాలు)

పై లెక్క సరైనదే, కానీ అన్ని వ్యాపారాలకూ అదే కొలత సరిపోదని నా అభిప్రాయం. మా దగ్గరకు ఒకసారి వచ్చినవారు ఏళ్ల తరబడి వస్తారు, ఇంట్లో వారినీ తీసుకొస్తారు. కాబట్టి మొదటి సందర్శనలో నష్టం కనిపించినా మాకు గిట్టుబాటవుతుంది. మీ పాత బిల్లులు తిరగేసి, ఒకే ఇంటి నుంచి రెండోసారి పిలుపు ఎంత తరచుగా వస్తోందో చూడండి. అది అరుదైతే మొదటి పనిలోనే ప్రకటన ఖర్చు రాబట్టుకోవాలి.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న వేరు: ప్రకటన ద్వారా వచ్చారని సైట్ చూపించే వారిలో, ప్రకటన లేకపోయినా వచ్చేవారు ఎందరు? స్నేహితులు చెప్పగా మా పేరు విన్న మనిషి ఫోన్ నంబరు కోసం మా పేరే టైప్ చేసి, పైన కనిపించిన ప్రకటనను నొక్కుతారు. ఆ మనిషి ఎలాగూ మా దగ్గరకు వచ్చేవారే. సైట్ మాత్రం వారిని తన ఖాతాలో వేసుకుంటుంది. ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబేలో బ్లేక్, నాస్కో, టడెలిస్ చేసిన ప్రయోగం 2015లో ప్రచురితమైంది. సెర్చ్ ఇంజన్లలో సంస్థ పేరుతో వెతికేవారికి చూపే ప్రకటనలు ఆపేసినా సైట్‌కు వచ్చేవారు దాదాపు తగ్గలేదని, కొత్తవారి విషయంలో మాత్రం ప్రకటనలు కొంత పని చేశాయని అందులో తేలింది. మీకు మాట మీద వచ్చే పని ఎక్కువ కాబట్టి ఈ ప్రమాదం మీకే ఎక్కువ.

అందుకని మా రిజిస్టరులో ఒక గడి చేర్చాం. "ఎక్కడ చూశారు?" అని అడిగితే అందరూ "నెట్‌లో" అంటారు, దానివల్ల ఏమీ తెలియదు. "మా పేరు ముందే తెలుసా, వెతికినప్పుడు మొదటిసారి చూశారా?" అని అడిగితే జవాబు స్పష్టంగా వస్తుంది.

సమాధానం (పూర్వం ప్రకటనలు అమ్మినవాడు)

నేను కొంతకాలం ఇలాంటి ప్యాకేజీలే అమ్మాను కాబట్టి ఒప్పందం గురించి చెబుతాను. ఏడాది తగ్గింపు వల్ల మీకు కలిగే లాభం కన్నా, మధ్యలో ఆపలేకపోవడం వల్ల కలిగే నష్టం సాధారణంగా పెద్దది. నెలవారీగా ఇవ్వమని గట్టిగా అడగండి. నోటితో కుదరదన్నవారు తరచుగా తర్వాత ఒప్పుకుంటారు. గడువు తీరగానే దానంతటదే కొనసాగే షరతు ఉందా, ఆపాలంటే ఎన్ని రోజుల ముందు రాసి ఇవ్వాలి, రోజువారీ ఖర్చుకు పరిమితి పెట్టుకోవచ్చా, మీరు వెళ్లలేని ప్రాంతాలను తీసేయవచ్చా అన్నవి కాగితం మీద చూసుకోండి. ఫోన్లు లెక్కించడానికి సైట్ వేరే నంబరు ఇస్తే, ఒప్పందం ముగిశాక ఆ నంబరుకు వచ్చే ఫోన్లు ఎవరికి వెళతాయో తప్పక అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడిగినవారు నాకు చాలా తక్కువగా తగిలారు.

రివ్యూలు దాచేస్తారన్న భయం గురించి: యెల్ప్ మీద ఇలాంటి ఆరోపణతోనే అమెరికాలో వ్యాపారులు దావా వేస్తే, 2014లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని బలవంతపు వసూలుగా పరిగణించలేమంటూ దావా కొట్టివేతను సమర్థించింది. ఆరోపణలు నిజమా కాదా అన్నది అక్కడ విచారణలో తేలిన విషయం కాదు. ఇలాంటి సైట్లలో నమ్మదగనివి అనిపించిన రివ్యూలను సాఫ్ట్‌వేర్ పక్కన పెడుతుంది. డబ్బు కట్టినవారివీ, కట్టనివారివీ పక్కకు పోతుంటాయి. భయంతో మాత్రం సంతకం చేయకండి. ఆ ప్రతినిధి స్వయంగా అలాంటి సూచన చేస్తే దాన్ని మెయిల్‌లో రాసి పంపమనండి.

మరమ్మతు సేవలు

అందరికీ కృతజ్ఞతలు. బిల్లులు చూశాను; ఒకే ఇంటికి రెండోసారి వెళ్లేది తక్కువే. నెలవారీ ఒప్పందం అడుగుతాను. ఈలోగా రివ్యూలు పెంచుకోవడానికి ఖాతాదారులను అడగవచ్చా?

సమాధానం (ఖాతాల పని)

ప్రకటన కన్నా ముందు చేయవలసింది అదే, ఎందుకంటే ప్రకటన నొక్కి వచ్చినవారు చూసేది మీ రేటింగునే. లూకా 2011 అధ్యయనంలో, యెల్ప్‌లో ఒక నక్షత్రం పెరిగితే రెస్టారెంటు ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగింది. అది కూడా ఒకే పేరుతో చాలాచోట్ల శాఖలున్న సంస్థలకు కాదు, స్వతంత్రంగా నడిచేవాటికే. అయితే అడిగే ముందు ఆ సైట్ నియమాలు చదవండి. యెల్ప్ రివ్యూ రాయమని అడగవద్దంటుంది; గూగుల్ అడగనిస్తుంది గానీ బదులుగా తగ్గింపు గానీ బహుమతి గానీ ఇవ్వకూడదంటుంది. పేజీలో పని వేళలు, వెళ్లే ప్రాంతాలు, చేసే మరమ్మతుల వివరాలు పూర్తి చేసి, ఉన్న రివ్యూలకు జవాబులు రాయండి. ఆ తర్వాత మీరు వెళ్లే ప్రాంతాల్లో సగానికి మాత్రమే ప్రకటన పెట్టి, మిగతా సగం నుంచి వచ్చే కొత్త ఫోన్లతో పోల్చి చూడండి. రెండు వైపులా తేడా కనిపించకపోతే తదుపరి నెల పొడిగించకండి.