పాత పవర్ సీట్లను మరో కారుకు బిగించేటప్పుడు వైరింగ్ ఎలా?

ప్రశ్న (అమలాపురం): తుక్కు దుకాణంలో దొరికిన రెండు పవర్ సీట్లను, చేతి మీటతో జరిపే సీట్లున్న నా పాత కారులో బిగించాలనుకుంటున్నాను. సీటు కింద లావుపాటి ఎర్ర, నల్ల తీగలతో పాటు పసుపు కనెక్టర్ ఒకటి ఉంది. దేనిని ఎక్కడ కలపాలో దయచేసి చెప్పగలరా?

జవాబు (భీమవరం): అయ్యా, పసుపు కనెక్టర్ జోలికి మాత్రం వెళ్లకండి. అది సాధారణంగా సీటు పక్కనుండే ఎయిర్‌బ్యాగ్‌ది. మల్టీమీటర్ ముల్లు తగిలించినా పేలే ప్రమాదం ఉంది. లావు తీగలు సాధారణంగా మోటార్లవి, అయినా రంగును నమ్మకుండా ఆ మోడల్ వైరింగ్ పటంతో సరిచూసుకోండి. 12 వోల్టుల సరఫరాను స్టీరియో తీగ నుండి తీసుకుంటే అది వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది కనుక, బ్యాటరీ పక్కనే 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, అక్కడి నుండి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను విడిగా లాగండి.

జవాబు (రాజోలు): మన కోనసీమ తేమకు ముందుగా చెడేది ఎర్త్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగను కారు బాడీకి బిగించే చోటు. నా సీటు సగంలో ఆగిపోతుంటే తివాచీ ఎత్తి చూశాను. ఆ తీగ చివరి రింగును పెయింటు మీదే బిగించారు, చుట్టూ ఆకుపచ్చని చిలుము పట్టింది. పెయింటు గీకి, మళ్లీ బిగించి, పైన గ్రీజు రాశాక సీటు చక్కగా కదిలింది.

జవాబు (రావులపాలెం): సీటు పట్టాల రంధ్రాలు కారు నేలలోని రంధ్రాలతో కలవకపోతే పల్చటి రేకు అతికించి సరిపెట్టకండి. చాలా కార్లలో సీటుబెల్టు బకిల్ సీటుకే ఉంటుంది, గుద్దుకున్నప్పుడు మనిషి బరువును సీటును నేలకు బిగించే బోల్టులే ఆపాలి.