ఇనుమారా, ఇరుమారా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
అందరికీ నమస్కారం. స్టీలు భవనాలు భూకంపాన్ని ఎట్లా తట్టుకుంటాయో డిప్లొమా పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. విరిగిన ఇనుమును కాచి అతకవచ్చు గానీ విరిగిన మనసును అతకలేమనే వేమన పద్యం పైన పెడదామంటే మొదటి పాదం దగ్గరే ఆగిపోయాను. ‘ఇనుము విరిగెనేని ఇనుమారు ముమ్మారు’ అని మా నాయన చెప్పేవారు. నా దగ్గరున్న పుస్తకంలో ‘ఇరుమారు’ అని ఉంది. ఏది సరి? ఇంకోటి, ఆ ‘విరుగు’లో వంగడం కూడా వస్తుందా? నేను రాసేదంతా వంగే ఇనుము గురించే. డ్యాంపర్ అని ఊపును తగ్గించడానికి భవనంలో బిగించే పరికరం ఉంటుంది, అందులోని ఉక్కు రేకులు అటూ ఇటూ వంగి భూకంపం ఊపును తామే మింగుతాయి, స్తంభాల దాకా పోనివ్వవు.

ప్రొద్దుటూరు అయ్యవారు:
ఇనుమారే. ఇనుమడి, ముమ్మడి ఉన్నట్టే ఇనుమారు, ముమ్మారు. ‘ఇనుము’ అన్న వెంటనే ‘ఇనుమారు’ మోగాలి. ‘ఇరుమారు’ అంటే పద్యం చప్పబడిపోతుంది.

గండికోట:
ఆ మోత మీదే నాకు అనుమానం అయ్యవారూ. ముందు ఇనుము ఉంది కాబట్టి రాసుకున్నవాడి చెవి ‘ఇరు’ను ‘ఇను’ చేసి ఉండొచ్చు. నోటి నుంచి నోటికి వచ్చిన పద్యాలు ఇవి. ఛందస్సును అడిగినా లాభం లేదు. గణం రెండిటికీ సలమే, యతి ఎటూ ఇకారానికే.

ప్రొద్దుటూరు అయ్యవారు:
ఛందస్సు చెప్పనిచోట చెవే చెప్పాలి నాయనా.

టవర్‌క్లాక్ (అనంతపురం):
రెండో పాదం సంగతి ఎవరూ ఎత్తరేం? పుస్తకాల్లో ‘కాచి యతుకవచ్చు క్రమముగాను’ అని ఉంటుంది. మా అమ్మమ్మ ‘కాచి యతుకనేర్చు కమ్మరీడు’ అనేది. అందులో మనిషి కనిపిస్తాడు. రెండు కొసలూ తెల్లగా కాగేదాకా కొలిమిలో పెట్టి, ఇసుక చల్లి, దాగలి మీద సమ్మెటతో కొట్టి కలుపుతాడు. ఆ ఇసుక కరిగి చిట్టాన్ని బయటికి తోసేస్తుంది. ఆ పని చూసినవాళ్లు కమ్మరీడును వదులుకోరు.

కొండారెడ్డి బురుజు:
అక్కా, నాకు ‘క్రమముగాను’ కావాలి. మందం ప్లేట్లను వెల్డింగ్‌కు ముందు వేడిచేసి, తర్వాత నిదానంగా చల్లారనివ్వాలి. గబుక్కున చల్లారితే అతుకు పక్కనే బీట వస్తుంది. అతుకు ఎంత కీలకమో 1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపంలో తెలిసింది. వందకు పైగా స్టీలు భవనాల్లో దూలం స్తంభాన్ని కలిసే వెల్డింగుల దగ్గర పగుళ్లు వచ్చాయి, ఎక్కువగా దూలం కింది రెక్క, అంటే అడుగున అడ్డంగా ఉండే పట్టీ దగ్గర. భవనాలు నిలబడే ఉన్నాయి. మంటల నుంచి కాపాడేందుకు స్టీలుకు వేసిన పూత ఊడదీసి చూస్తే గానీ పగుళ్లు బయటపడలేదు. స్టీలు సాగుతుందని అందరూ నమ్మారు, కాచి అతికిన చోటు సాగకుండానే విరిగింది. ఆ తర్వాతే అతుకుకు కాస్త ఎడంగా దూలం రెక్కను కావాలని సన్నగా కోసే పద్ధతి బాగా వాడకంలోకి వచ్చింది. వంగితే అక్కడే వంగాలి.

గండికోట:
అయితే పద్యం పైన పెట్టి, కింద దానికి ఎదురు రాస్తున్నారన్నమాట.

కటారుపల్లె దారి:
ఎదురేమీ కాదు. ‘ఇనుమారు ముమ్మారు’ అన్నాడే గానీ నూరుమార్లు అనలేదు. ఇనుముకు ఓర్పు ఉంది, ఆ ఓర్పుకు హద్దూ ఉంది. మందపాటి ఇనుప తీగను అటూ ఇటూ గబగబా వంచి, వంపు దగ్గర వేలు పెట్టి చూడండి. చురుక్కుమంటుంది. ఇంకొన్ని సార్లు వంచితే తెగుతుంది. వేమన లెక్క అక్కడుంది.

కొండారెడ్డి బురుజు:
అన్నా, డ్యాంపర్ పని అదే! ఊపంతా వేడి అయిపోతుంది. ఒక్కచోటే వంగితే తొందరగా తెగుతుందని రేకులను కొసల్లో వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా కోస్తారు, అప్పుడు పొడవంతా వంగుతాయి. ఉక్కును ఇట్లా వాడుకోవచ్చని 1972లోనే కెల్లీ, స్కిన్నర్, హైన్ రాశారు. జపాన్‌లో ఇంకో దారి పట్టారు. ఉక్కు కడ్డీని గొట్టంలో పెట్టి చుట్టూ మోర్టార్ నింపుతారు, మోర్టార్ అంటుకోకుండా కడ్డీకి పూత వేస్తారు. లాగితే సాగుతుంది, నొక్కితే పక్కకు ఒరగకుండా కుదించుకుంటుంది. పెద్ద భూకంపం అయ్యాక పాడైనదాన్ని విప్పి కొత్తది బిగించుకోవచ్చు. నా లెక్కలో ఆ రేకు పద్యంలోని ఇనుము, స్తంభం మనసు.

ప్రొద్దుటూరు అయ్యవారు:
ఆ పోలిక మీ పిల్లలకు చెప్పండి, బాగుంది. వేమనకు మాత్రం అంటగట్టొద్దు. వంగడం వేరు, విరగడం వేరు. విరగడమంటే రెండు ముక్కలవడం.

టవర్‌క్లాక్ (అనంతపురం):
మరి పాలు విరుగుతాయి కదా అయ్యవారూ, రెండు ముక్కలవుతాయా? పద్యం కీలకం నాకు ఇక్కడే కనిపిస్తుంది. మొదటి ‘విరిగెనేని’ ఇనుముది, కాచితే కలుస్తుంది. మూడో పాదంలో ‘విరిగెనేని’ మనసుది. అది పాలు విరిగినట్టు, కాచేకొద్దీ ఇంకా విడిపోతుంది. ఒకే మాటను రెండు పాదాల్లో రెండు రకాలుగా వాడగలిగినవాడు వేమనే.

గండికోట:
బాగా పట్టారక్కా. అట్లయితే మూడో పాదం ‘మరియంట నేర్చునా’ అనే ఉండాలి. ‘మరి చేర్చరాదయా’ అంటే చేర్చేవాడు ఇంకొకడు కావాలి. పాలు తమంతట తాము అంటుకోవాలిగా.

కటారుపల్లె దారి:
నేను ఒప్పుకోను. కమ్మరి బయటివాడే కదా, మనసుకూ ఒకడు ఉండాలి. ‘చేర్చరాదయా’లో ఉన్న నిట్టూర్పు ‘నేర్చునా’లో లేదు. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు, కడపలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. సోమవారం పోయి మూడు పాదాలూ చూసి వస్తా.

కొండారెడ్డి బురుజు:
నాది శనివారమే ప్రెస్‌కు పోవాలన్నా. ‘ఇనుమారు’ అని వేసి, కింద ‘ఇరుమారు’ పాఠాంతరమని రాస్తున్నా.

గండికోట:
‘ఇరుమారు’ పైన, ‘ఇనుమారు’ కింద ఉండాలి.

ప్రొద్దుటూరు అయ్యవారు:
ఏది పైన వేసినా బండి ఱతో వేయండి. ఇనుమాఱు, ముమ్మాఱు. మూడో పాదంలో ‘మఱి’ కూడా.

గండికోట:
పలికేటప్పుడు ఎవరూ పలకని అక్షరాన్ని డిప్లొమా పిల్లల నెత్తిన ఎందుకు అయ్యవారూ?