చేపల వేటకు తీసుకెళ్లే బ్యాగుకు నడుము పట్టీ అవసరమా?

ఏటిగట్టు:
నేను గాలం వేసే చోటికి బండి పోదు. గట్టు వెంట గంటన్నర నడవాలి. ఇన్నేళ్లుగా పుస్తకాలు మోసే మామూలు బ్యాగులోనే సామానంతా కుక్కుకుని వెళ్తున్నాను. పోయిన ఆదివారం చీకటి ఉండగానే నీటి దగ్గరికి చేరాను. బ్యాగు దించి, గాలానికి దారం కడదామని కూర్చుంటే ఎడమ చేయి నాది కానట్టు అనిపించింది. భుజం నుంచి కిందికి ఒకటే తిమ్మిరి. బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారి దారం కొస పట్టుకు దొరకలేదు. కొసను నోటితో తడిపి, వేళ్ల మధ్య నలిపి, గాలం రంధ్రంలోకి దూర్చాలని ఎన్నిసార్లు చూసినా పక్కకే పోయింది. తిమ్మిరి వదిలేసరికి తెల్లగా తెల్లవారిపోయింది. చేపలు మేతకు ఒడ్డు దగ్గరికి వచ్చే ఆ కొద్ది సమయం కాస్తా పోయింది.

ఇంటికి వచ్చి బ్యాగు తూచాను. 9.5 కిలోలు ఉంది.

కొత్త బ్యాగు కొనాలి. నడుముకు వెడల్పాటి పట్టీ ఉన్న 40 లీటర్ల పెద్ద బ్యాగు తీసుకోమని కొందరు మిత్రులు చెబుతున్నారు. అది కొండలెక్కేవాళ్లకు పనికొచ్చేది, నీకు ఒక భుజానికి ఏటవాలుగా వేసుకునే చిన్న సంచి చాలు, సామాను తగ్గించుకో అంటున్నారు మరికొందరు. రెండూ వాడి చూసినవాళ్లు చెప్పండి. నడుము పట్టీ మనకు నిజంగా అవసరమా?

నీటికాకి:
అవసరం లేదు. మీ బ్యాగు బాగాలేక కాదు, అందులో పెట్టిన బరువు ఎక్కువై మీ చేయి తిమ్మిరెక్కింది.

మనం చేసే పని ఏమిటో ఒకసారి చూడండి. నాలుగడుగులు వేస్తాం, ఆగుతాం, గాలం విసురుతాం, ఎర మారుస్తాం, మళ్లీ కదులుతాం. పెద్ద బ్యాగయితే ప్రతిసారీ బకిళ్లు విప్పాలి, దించాలి, వంగాలి, తెరవాలి, మళ్లీ ఎత్తుకోవాలి. అంత శ్రమ ఎందుకులే అని ఎర మార్చడమే మానేస్తాం. ఒంటి భుజం సంచి అలా కాదు. పట్టీ పట్టి లాగితే వీపు మీద నుంచి ఛాతీ మీదికి తిరుగుతుంది. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడే పెట్టె తెరవవచ్చు.

నా సంచిలో ఉండేవి ఇవే: 3600 కొలతగా పిలిచే పలుచటి ఎరల పెట్టె ఒకటి (సుమారు 28 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు), పటకారు, కత్తెర, అదనపు దారం చుట్ట, లీటరు నీళ్లు. అంతా కలిపి మూడు కిలోలు దాటదు. నలభై ఎరలు మోసుకెళ్లినా ఆ రోజు నీళ్లలో తడిసేవి రెండో మూడో.

కాలిబాట:
నీటికాకి గారూ, మీరు చెప్పిన మూడు కిలోలకు ఆ సంచి చక్కగా సరిపోతుంది, అందులో నాకు పేచీ లేదు. కానీ అడిగినవారు నడవాల్సింది గంటన్నర. ఎంత తగ్గించినా ఆయన సామాను ఆరు కిలోలకు దిగదని నా అంచనా. ఆరు కిలోలను ఒకే భుజానికి తగిలిస్తే మెడ ఒక పక్కకు లాగుతుంది, రెండో వైపు నడుము పట్టేస్తుంది. అది ఆ పూటకు తెలియదు, మర్నాడు మంచం దిగేటప్పుడు తెలుస్తుంది.

ఏటిగట్టు గారూ, ఆ తిమ్మిరిని చిన్న విషయంగా వదిలేయకండి. మెడ నుంచి చేతికి వెళ్లే నరాల కట్ట కాలర్ ఎముక కింది నుంచే పోతుంది. సన్నటి పట్టీ మీద బరువు వేలాడితే ఆ నరాలు నలుగుతాయి. బరువైన సంచులు మోసే సైనికుల్లో ఇది ముదిరి చేయి బలహీనపడటం వైద్యులకు బాగా తెలిసిన సంగతే. రక్‌శాక్ పాల్సీ అని దానికి పేరు కూడా ఉంది. బ్యాగు దించిన కాసేపటికి తిమ్మిరి వదిలితే పరవాలేదు. వదలకపోయినా, చేయి పైకెత్తడం కష్టమైనా డాక్టరుకు చూపించండి.

దీనికి మందు మెత్తటి భుజం పట్టీలు కావు. దుకాణంలో అందరూ ముందు వాటినే నొక్కి చూస్తారు, నేనూ అలాగే మోసపోయాను. పట్టీ ఎంత మెత్తగా ఉన్నా బరువంతా దాని మీదే ఉంటే రెండో గంటకు స్పాంజి అణిగిపోతుంది. బరువు భుజాల మీద నుంచి దిగి తుంటి ఎముకల మీదికి చేరాలి. అమెరికాలో డిక్ కెల్టీ అనే ఆయన 1952లో అల్యూమినియం ఫ్రేము, నడుము పట్టీ ఉన్న బ్యాగులు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత దూరాలు నడిచేవాళ్ల బ్యాగుల తీరే మారిపోయింది. సరిగ్గా కట్టుకుంటే బరువులో ఎక్కువ భాగం తుంటి మోస్తుంది. భుజం పట్టీలు బ్యాగు వెనక్కి వాలకుండా పట్టుకుంటే చాలు.

ఇక కొలత. 30 లీటర్లు, 40 లీటర్లు అన్నది లోపల ఎంత పడుతుందో చెబుతుంది కానీ మీ ఒంటికి సరిపోతుందో లేదో చెప్పదు. తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక ఎముక ఉబ్బెత్తుగా తగులుతుంది. చేతులు నడుము మీద పెట్టుకుని తుంటి ఎముకల పై అంచును వేళ్లతో వెతకండి. ఆ రెండు అంచులను కలుపుతూ వీపు మీద అడ్డంగా గీత గీసినట్టు ఊహించుకుని, మెడ ఎముక నుంచి అక్కడిదాకా టేపుతో ఇంకొకరి చేత కొలిపించండి. అదే మీ వీపు పొడవు. మీ ఎత్తుతో దీనికి పెద్దగా సంబంధం లేదు. మా అన్నదమ్ములిద్దరం ఒకే ఎత్తు, నా వీపు అతని కంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ. అతని బ్యాగు నేను వేసుకుంటే నడుము పట్టీ తుంటి దాటి కిందికి జారి, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా తొడకు ఒరుసుకుంటుంది.

వేసుకునేటప్పుడు ముందు పట్టీలన్నీ వదులు చేయండి. మొదట నడుము పట్టీ బిగించండి, దాని మధ్య భాగం తుంటి ఎముక పై అంచు మీద కూర్చోవాలి. తర్వాత భుజం పట్టీలు, ఆ తర్వాత భుజం పైన ఏటవాలుగా ఉండే చిన్న పట్టీలు. ఛాతీ పట్టీ ఆఖరున, అదీ ఊపిరికి అడ్డం రానంత వదులుగా. చాలామంది భుజం పట్టీలు ముందు బిగించేస్తారు. అప్పుడు నడుము పట్టీ పొట్ట మీదికి ఎక్కిపోయి ఉత్త అలంకారంగా మిగులుతుంది.

నీటికాకి:
వీపు కొలత సంగతి నాకు తెలియదు, నేర్పినందుకు కృతజ్ఞతలు. కానీ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను. నడుముకూ ఛాతీకీ పట్టీలు బిగించుకుని నీళ్లలో దిగితే అది ప్రాణం మీదికి వస్తుంది. ప్రవాహంలో కాలు జారిన మనిషికి బ్యాగు వదిలించుకునే వీలుండాలి. మీరు పెద్ద బ్యాగు గురించి ఇంత చెప్పి ఆ మాట చెప్పలేదు.

కాలిబాట:
చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే. నీటిలో అడుగు పెట్టే ముందు నడుము బకిల్, ఛాతీ బకిల్ రెండూ విప్పాలి, భుజం పట్టీలు కాస్త వదులు చేసుకోవాలి. వాగు రెండడుగుల వెడల్పే ఉన్నా సరే. మీ ఒంటి భుజం సంచికీ ఇదే వర్తిస్తుంది. ఏటవాలు పట్టీని తల మీద నుంచి తీయాలంటే చేయి పైకెత్తి దూర్చాలి, నీళ్లలో అది ఇంకా కష్టం. ఒక్క నొక్కుతో ఊడే బకిల్ దానికి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

తెరచాప:
నీళ్ల మాట వచ్చింది కాబట్టి నేనూ కలుగజేసుకుంటున్నాను. నీరు చొరని బ్యాగు కొంటే అన్ని బాధలూ తీరతాయని చాలామంది అనుకుంటారు. పైన మూతి మడిచి బిగించే రకం నేను మూడేళ్లు వాడాను. మూతిని కనీసం మూడు మడతలు వేస్తే వానకు చుక్క కూడా లోపలికి పోదు, నిజమే. కానీ గాలి లోపల బిగిసిపోతుంది. గాలి నిండిన బ్యాగు తేలుతుంది, మనిషి పడిపోతే వీపు మీద తేలే వస్తువు ముఖాన్ని నీళ్లలోకి తిప్పే ప్రమాదం ఉంది. లైఫ్ జాకెట్‌లో తేలే పదార్థం ఎక్కువగా ముందు వైపు ఉండేది ముఖం నీటి పైన ఉండాలనే కదా. అందుకే మడిచే ముందు గాలి అంతా నొక్కి బయటికి పంపేదాన్ని.

పైగా అది వీపుకు బల్లలా అతుక్కుంటుంది, చొక్కా తడిసి ముద్దవుతుంది. అడుగున ఉన్న వస్తువు కావాలంటే పైనున్నవన్నీ తీయాలి. తడి ఎరలూ తడి గుడ్డలూ లోపలే పెడితే ఆ తడి బయటికి పోయే దారి ఉండదు. ఇప్పుడు మామూలు నైలాన్ బ్యాగు వాడుతున్నాను. లోపల ఫోను, పొడి బట్టలు మాత్రం నీరు చొరని చిన్న సంచిలో పెడతాను.

వీపుకూ బ్యాగుకూ మధ్య గాలి ఆడేలా జాలీ బిగించిన రకాల గురించి కూడా ఎవరైనా చెప్పండి.

కాలిబాట:
జాలీ చల్లగా ఉంటుంది, కాదనను. కానీ అది బ్యాగును వీపు నుంచి దూరంగా తోస్తుంది. బరువు ఎంత వెనక్కి పోతే మనల్ని అంత వెనక్కి లాగుతుంది. తేలికపాటి సామానుకు జాలీ మేలు. మనం గాలం నీళ్లలో మునగడానికి కట్టే సీసం గుండ్లు మోస్తాం, సీసం నీటికి పదకొండు రెట్లకు పైగా బరువు. గుండ్లను బయటి జేబులో పెట్టుకుని, బ్యాగు బాగాలేదని తిట్టుకునేవాళ్లను చూశాను. వాటిని లోపల వీపుకు ఆనించి, భుజపు ఎముకలకు కొద్దిగా దిగువన పెట్టండి. అదే బ్యాగు, అదే బరువు, నడక మాత్రం మారిపోతుంది.

ఎర్రమట్టి:
మీ చర్చలో బురద మాట ఎవరూ ఎత్తలేదు. నాకు సుఖం, అసుఖం తేలేది అక్కడే.

బ్యాగును గట్టు మీద పెట్టి ముందు జిప్పు తీయాలంటే దాన్ని వీపు వైపు కింద పడుకోబెట్టాలి. జాలీకీ భుజం పట్టీలకూ బురద పడుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ బురదే చొక్కాకు, ఆ ఇసుకే మెడకు. చెమటతో తడిసిన చర్మం మీద ఇసుక అంటిన పట్టీ గంటన్నర రుద్దుకుంటే మెడ పక్కన ఎర్రటి చార తేలుతుంది, రెండు రోజులు కాలర్ తగిలితే మంట. దీనికి వీపు వైపు నుంచి జిప్పు తెరుచుకునే బ్యాగులు ఉన్నాయి. ముందు భాగం బురదలో ఉంటుంది, పట్టీలు పైకి ఉంటాయి, పుస్తకం తెరిచినట్టు తెరిస్తే పెట్టెలన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. నేను ఒకటి కొన్న తర్వాత మళ్లీ పాత రకం ముట్టుకోలేదు. అడుగున మందపాటి రబ్బరు పూత ఉన్నది దొరికితే ఇంకా మంచిది.

ఉప్పునీళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లు ఇంటికి రాగానే జిప్పులనూ బకిళ్లనూ మంచినీళ్లతో కడగాలి. తడి బ్యాగును మూల పడేయకండి, తేమకు లోపలి పూత జిగురుగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది.

తెరచాప:
వీపు వైపు జిప్పు ఆలోచన బాగుంది. గాలపు కర్ర ఎలా మోస్తున్నారు?

ఎర్రమట్టి:
రెండు ముక్కలుగా విడదీసి, బ్యాగు పక్కన అడుగు జేబులో నిలబెట్టి, పై పట్టీతో బిగిస్తాను. చెట్ల కింద నడిచేటప్పుడు మాత్రం చేతిలోకి తీసుకుని, కొన వెనక్కి ఉండేలా పట్టుకుంటాను. తల పైకి లేచిన కొన కొమ్మకు తగులుకుంటే చూస్తుండగానే విరుగుతుంది.

ఏటిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాలు ఆగి, చేసి చూసి రాస్తున్నాను.

నీటికాకి గారి మాట విని సామానంతా నేల మీద పరిచి ఒక్కొక్కటి తూచాను. నీళ్లు 2 కిలోలు, మూడు పెద్ద ఎరల పెట్టెలు 3.1, విడిగా సీసం 1.4, మడత స్టూలు 1.3, బ్యాగు 0.9, మిగిలినవన్నీ 0.8. ఒక కిలో సీసం ఏ రోజూ వాడకుండానే ఏడాదంతా మోశాను! మూడు పెట్టెల స్థానంలో ఒక పెద్దది, ఒక చిన్నది పెట్టాను, 1.8 కిలోలు. సీసం 0.4. స్టూలు వదిలేశాను.

కాలిబాట గారు చెప్పినట్టు వీపు కొలిపించుకుని, ఆ కొలతకు నడుము పట్టీ ఉన్న 30 లీటర్ల బ్యాగు తీసుకున్నాను, వీపు వైపు జిప్పుతో. దుకాణానికి నా సామాను వెంట తీసుకెళ్లి, బ్యాగులో నింపి, అరగంట అక్కడే మెట్లెక్కి దిగి చూశాను. బ్యాగే కిలోన్నర ఉంది, పాతదాని కంటే ఆరు వందల గ్రాములు ఎక్కువ. మొత్తం 6.5 కిలోలు. నిన్న అదే గంటన్నర నడిచాను. నీటి దగ్గర చేతులు చాచి చూసుకున్నాను, తిమ్మిరి లేదు. దారం మొదటిసారే రంధ్రంలోకి దూరింది. చీకట్లోనే ముడి వేశాను.

చేరాక ఎరల చిన్న పెట్టె, పటకారు మాత్రం ఒక చిన్న సంచిలో వేసుకుని గట్టు వెంట తిరిగాను, పెద్ద బ్యాగు చెట్టు కింద ఉంచాను. కాబట్టి నీటికాకి గారూ, మీ పద్ధతిని నేను వదల్లేదు.

ఒక్క సందేహం మిగిలింది. స్టూలు లేదు కదా, బ్యాగు మీద కూర్చోవచ్చా?

కాలిబాట:
కూర్చోకండి. లోపల అల్యూమినియం కమ్మీ ఉంటే వంగిపోతుంది, వంగితే బరువు మళ్లీ భుజాల మీదికి వస్తుంది. మందపాటి ఫోం చాపలో రెండు జానల ముక్క కోసి వీపు వైపు దూర్చండి. వంద గ్రాములు కూడా ఉండదు.

నీటికాకి:
నేను కూర్చునేది అలాంటి ముక్క మీదే. తడి గట్టు మీద కూడా చల్లదనం ఎక్కదు.