లంబసింగి దగ్గర గూడేనికి హీటర్లా, రగ్గులా? చలి ముదిరేలోపు తేల్చాలి

మద్దిలపాలెం_వాసు: లంబసింగి పక్క గూడెంలో 40 ఇళ్లకు మా వీధి చందా డబ్బు ఇంటికి ₹1,500 చొప్పున వస్తోంది. పోయినేడు ఇచ్చిన రగ్గులు పలచన, ఎవరికీ చలి ఆగలేదు. ఈసారి 1,000 వాట్ల హీటర్లు కొనిచ్చి, డిసెంబరు, జనవరి కరెంటు బిల్లు కూడా మనమే కడదామంటాను.

గాజువాక_వైరింగ్: వాసుగారూ, హీటరు వద్దు. వెయ్యి వాట్లు గంటకో యూనిట్ తాగుతుంది. రాత్రికి ఆరు గంటలంటే నెలకు 180 యూనిట్లు. ఫిబ్రవరిలో చలి ఉంటే ఆ బిల్లు ఎవరు కడతారు? పైగా 40 ఇళ్లూ ఒకేసారి వేస్తే 40 కిలోవాట్లు. అక్కడున్నది 25 కేవీఏ, అంటే మహా అయితే 25 కిలోవాట్లు మోసే ట్రాన్స్‌ఫార్మరైతే ఫ్యూజు ఎగిరి, చలికి చీకటి తోడవుతుంది. లైను చివరి ఇళ్లకు 230 ఉండాల్సిన వోల్టేజీ 180కి పడితే ఆ హీటరు ఇచ్చేది 600 వాట్ల వేడే. లైటు కోసం లాగిన సన్నవైరు, వదులు సాకెట్. రాత్రంతా నడిస్తే పిన్ను దగ్గర వేడెక్కి ప్లగ్గు కరుగుతుంది.

మద్దిలపాలెం_వాసు: మీరు ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకు కూర్చున్నారు. సరే, 20 ఇళ్లకే ఇద్దాం.

భీమిలి_రమ: మిగతా 20 ఇళ్లూ ఏటి చెయ్యాలండీ?

సీతమ్మధార_77: 2022లో లంబసింగి మన విశాఖ జిల్లా నుంచి అల్లూరి జిల్లాకి పోయింది. మన ఊరి పేదల్ని చూసుకుందాం.

భీమిలి_రమ: జిల్లా మారితే చలి తగ్గుతుందా? ఇక్కడ ఫ్యాను ఆపితే సరిపోతుంది, అక్కడ నీళ్లు ముట్టుకోలేం.

తగరపువలస_బాబు: కుంపట్లు ఇవ్వండి, చవక.

పెందుర్తి_మేస్త్రి: బాబూ, తలుపు మూసిన గదిలో కుంపటి పెట్టి పడుకోకూడదు. పొగ రావట్లేదు కదా అనుకుంటారు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ముందు ఇల్లు చూడండి. రేకుకీ గోడకీ మధ్య బెత్తెడు సందుంటే ఎన్ని వాట్లు పెట్టినా వేడి అటే పోతుంది. పడుకునే వైపు సందుని గడ్డి కలిపిన మట్టితో మూయాలి. పొయ్యి పైనున్న సందు జోలికి మాత్రం వెళ్లొద్దు, పొగ పోవాలి. రేకు కింద నాలుగంగుళాలు వదిలి వెదురు తడక కట్టి, పైన గోనెపట్టా పరవాలి, పొయ్యికి దూరంగా. ప్లాస్టిక్ పట్టా రేకుకి అంటించి కొట్టారో, ఊపిరి తేమంతా దానికి పట్టి తెల్లారేసరికి పక్క మీద చుక్కలు పడతాయి. ఇక నేల. ఒంటి కింద రగ్గు అణిగిపోయి చలి ఆపదు. ఎండుగడ్డి కుక్కిన గోనెసంచులు రెండు పరిచి, పైన చాప వెయ్యాలి. గడ్డి బాగా ఎండకపోతే బూజు పడుతుంది.

మద్దిలపాలెం_వాసు: గడ్డీ గోనెలూ సరే, చందా ఇచ్చినవాళ్లకి ఏం చూపించను?

గాజువాక_వైరింగ్: అదీ అసలు మాట! ఇన్ని పోస్టులూ ఫొటో కోసమా?

మద్దిలపాలెం_వాసు: ఫొటో కాదు సార్. పోయినేడు రగ్గుల లెక్క అడిగినప్పుడు వీధంతా నన్నే దొంగలా చూసింది. హీటరుకి షాపు బిల్లుంటుంది. తడక కట్టిన కూలికి బిల్లేదీ?

గాజువాక_వైరింగ్: ఆ మాట మొదటే చెప్పాల్సింది. తొందరపడి అన్నాను, ఏమనుకోకండి. కానీ మన లెక్క సుఖం కోసం వాళ్లకి బిల్లు భారం పెట్టకూడదు.

పెందుర్తి_మేస్త్రి: కూలి ఆ గూడెంవాళ్లకే ఇవ్వండి, తడక అల్లడం వాళ్లకి వచ్చిన పనే. ఇంటి యజమాని పేరు, ఎన్ని తడకలు, ఎంత ఇచ్చారు, సంతకమో వేలిముద్రో ఓచరు మీద తీసుకుంటే అదే లెక్క.

మద్దిలపాలెం_వాసు: ఓచరు పుస్తకం కొంటాను. ముసలివాళ్లున్న ఇళ్లకి రగ్గులు మాత్రం మానను.

పెందుర్తి_మేస్త్రి: మానొద్దు. పూర్ణా మార్కెట్లో కొనేటప్పుడు విప్పించి వెలుతురుకి ఎత్తండి. వెనక వేళ్లు కనిపిస్తే వద్దనండి.