మట్టి ఇటుకలో పీచు, బెల్లం, కరక్కాయ పడితే సిమెంటు మానేయొచ్చా? (ముగ్గురి చర్చ. ఎర్రమట్టి, గుల్లసున్నం, ప్రెస్సుపని అనేవి వాళ్లు పెట్టుకున్న పేర్లు.)

ఎర్రమట్టి: మట్టిని అచ్చులో నొక్కి, కాల్చకుండా వాడే ప్రెస్సు ఇటుకకు (29.5×14×9 సెం.మీ.) అందరూ 5 శాతం సిమెంటు అంటున్నారు. కొబ్బరి పీచు వేసి, బెల్లం, కరక్కాయ నీళ్లతో తడిపితే ఆ సిమెంటు దండగ అంటాను. సీమలో మట్టి మిద్దెలకు సిమెంటు ఎవరు వేశారు?

గుల్లసున్నం: మిద్దె గోడ మందం చూశావా అన్నా? పైన చవుడు (ఉప్పుమట్టి) పరిచేవాళ్లు, వానలకు ముందు మళ్లీ వేసేవాళ్లు. ఆ చాకిరీ ఇప్పుడెవరు చేస్తారు? ఒట్టి మట్టి ఇటుకను రాత్రి తొట్టి నీళ్లలో వేస్తే పొద్దుటికి బురదే. పీచు ఉన్నా అంతే, కాకపోతే బురద పీచుకు వేలాడుతుంది. పీచు చేసేది ఆరేటప్పుడు బీటలు తగ్గించడం, పగిలాక ముక్కలు ఊడకుండా పట్టుకోవడం. నీళ్లను ఆపడం దానివల్ల కాదు.

ఇక సిమెంటు, బెల్లం కలిపి వాడేవాళ్లకు దండం. తీపి సిమెంటును గట్టిపడనివ్వదు. బెల్లం, కరక్కాయ సున్నానికి జోడీ. మట్టిలో ఇసుక పాలు ఎక్కువైతే సిమెంటు, బంక ఎక్కువైతే సున్నం. నల్లరేగడికి ముందు ఇసుక, ఆ తర్వాతే సున్నం. అది నిదానంగా బలం పుంజుకుంటుంది, కాబట్టి తడి గోనెల కింద నెల దాటినా తొందరపడొద్దు.

ప్రెస్సుపని: పీచు మోతాదు ఎవరూ చెప్పట్లేదు. 100 కిలోల పొడి మట్టికి అర కిలో, అంటే 7 కిలోల ఇటుకలో 35 గ్రాములు. 3 సెం.మీ. ముక్కలుగా కోయాలి. పొడుగ్గా వదిలితే ఉండలు కడుతుంది. మోతాదు మించితే అచ్చులోంచి తీయగానే ఇటుక ఉబ్బి అడ్డంగా పొరలు విడుస్తుంది. మట్టి, సిమెంటు పొడిగా కలిపాక పీచు విదిలిస్తూ చల్లండి, నీళ్లు చివర్లో. గుప్పెడు ముద్ద కట్టి నడుమెత్తు నుంచి వదిలితే నాలుగైదు ముక్కలవ్వాలి. పొడిపొడి అయితే నీళ్లు చాల్లేదు, పగలకపోతే ఎక్కువయ్యాయి.

ఎర్రమట్టి: సిమెంటు, సున్నం క్షారం ఆ పీచునే తినేస్తుంది కదా? మరి వేసి లాభమేంటి?

ప్రెస్సుపని: తింటుంది. జనుము కంటే కొబ్బరి పీచు ఎక్కువ కాలం తట్టుకుంటుంది, అందులో లిగ్నిన్ (పీచుకు గట్టిదనమిచ్చే పదార్థం) ఎక్కువ. బీటల బెడద ఉండేది తొలి వారాల్లో, అప్పటికి పీచు పనికొస్తుంది.

గుల్లసున్నం: రాతి బేస్‌మెంటు మీద, బరువు మోయని లోపలి గోడకైతే సిమెంటు లేకున్నా ఒప్పుకుంటా. స్నానాల గదికీ, జల్లు కొట్టే గోడకూ ఒప్పుకోను. అయినా 50 కిలోల సిమెంటు బస్తా సుమారు 140 ఇటుకలకు వస్తుంది, బెల్లం ధర కట్టి చూడు. ల్యాబుకు పంపితే నానబెట్టిన ఇటుక బలమే అడుగు, ఎండు ఇటుక రిపోర్టు ఇక్కడ పెట్టకు.